నెలసరి రక్తంలో రసాయనాలు వెతికితే ఏం తెలుస్తుంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో నెలసరి రక్తంతో షుగర్ పరీక్ష చేసే ప్యాడ్ గురించి నాలుగు ముక్కలు రాశాను. అమెరికాలో క్విన్ అనే కంపెనీ చేసిన ఆ ప్యాడ్‌కి 2024 జనవరిలో అక్కడి మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది, మూడు నెలల షుగర్ సగటు చెప్పే ఏ1సీ దాంతో తెలుస్తుంది. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాలు, మెసేజ్‌లు చూస్తే చాలామట్టుకు బెంగళూరులో ఉంటున్న మన తెలుగు ఆడవాళ్లవే, వాళ్లలో ఎక్కువమంది షుగర్ సంగతి వదిలేసి ఒంట్లో చేరే రసాయనాల గురించి అడిగారు. అందుకే ఈ నెల పేజీ మొత్తం దానికే ఇస్తున్నాను. పేర్లు వేయడం లేదు, ఉత్తరాలు కొంచెం కుదించాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 26 ఏళ్లు, మాది మదనపల్లె. మారతహళ్లిలో పీజీలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నా ఫ్రెండ్ వాళ్ల అక్క ఇక్కడే పీహెచ్‌డీ చేస్తోంది. నగరంలో ఆడవాళ్ల ఒంట్లోకి ఏ రసాయనాలు చేరుతున్నాయో చూడటానికి పీరియడ్స్ రక్తం కావాలట, లోపల పెట్టుకుని రక్తం పట్టే కప్పు, సీసా వాళ్లే ఇస్తారట. సాయం చేయాలనే ఉంది. కానీ మామూలుగా చేతి నుంచి రక్తం తీసుకుంటే సరిపోదా? అమ్మకి చెప్తే "ఆ రక్తం ఎవరి చేతికైనా ఇస్తారా, ఏమన్నా చేస్తే?" అని భయపడిపోయింది. ఇవ్వొచ్చా?

జవాబు: ఇవ్వొచ్చమ్మా. ఇచ్చేముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి, అవి చివర్లో చెప్తాను.

చేతి నుంచి తీసిన రక్తం చాలా వాటికి సరిపోతుంది, ఇప్పటికీ పరిశోధకులు దేన్నైనా పోల్చి చూసుకునేది దాంతోనే. అయితే నెలసరిలో వచ్చేది ఒట్టి రక్తం కాదు. అందులో రక్తం ఇంచుమించు సగం, ఒక్కోసారి అంతకంటే తక్కువే. మిగతాదంతా గర్భసంచి లోపలి పొర నుంచి ఊడివచ్చిన కణాలు, గర్భాశయ ముఖద్వారం దగ్గరి జిగురు, యోని స్రావాలు. గర్భసంచి పొర చూడాలంటే మామూలుగా బయాప్సీ చేయాలి, అది ఎంత నొప్పో చేయించుకున్నవాళ్లని అడగండి, పైగా ఆరోగ్యంగా ఉన్న అమ్మాయికి కేవలం పరిశోధన కోసం ఎవరూ బయాప్సీ చేయరు. ఆ పొరే సూదీ కత్తీ లేకుండా నెలనెలా దానంతట అది బయటికి వస్తుంటే మనం దాన్ని ప్యాడ్‌లో చుట్టి పారేస్తున్నాం. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిదే గర్భసంచి బయట పెరగడం), సంతానం కలగకపోవడం లాంటి సమస్యలకీ కొన్ని రసాయనాలకీ సంబంధం ఉందా అని ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నారు. ఆ సమస్య ఉన్న చోటు నుంచే వచ్చే శాంపిల్‌లో వెతకడం కన్నా సూటి దారి ఏముంటుంది చెప్పండి.

ఇది కొత్తగా పుట్టిన ఊహ కూడా కాదు. స్పెయిన్‌లో గ్రనాడా పరిశోధకులు 2016లోనే నెలసరి రక్తంలో పారాబెన్‌లు, బెంజోఫెనోన్‌లు కొలిచే పద్ధతి ప్రచురించారు. క్రీములూ షాంపూలూ పాడవకుండా వేసేవి పారాబెన్‌లు, సన్‌స్క్రీన్‌లలో ఉండేవి బెంజోఫెనోన్‌లు. న్యూయార్క్ దగ్గర ఫైన్‌స్టైన్ సంస్థవాళ్లు ఎండోమెట్రియోసిస్‌ని నెలసరి స్రావంతో గుర్తించగలమా అని పదేళ్లకి పైగా పనిచేస్తున్నారు. అంతదూరం ఎందుకు, ముంబై టాటా మెమోరియల్ వాళ్లు మహారాష్ట్ర పల్లెల్లో ఆడవాళ్లు వాడిన నెలసరి బట్టల నుంచి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్‌ని పరీక్షించి చూశారు. ఆసుపత్రికి వచ్చి పరీక్ష చేయించుకోవడానికి సిగ్గుపడే ఆడవాళ్లకి ఆ దారి ఎంత పనికొస్తుందో ఆలోచించండి.

అన్ని రసాయనాలకీ ఈ రక్తం పనికొస్తుందని మాత్రం అనుకోకండి. రక్తంలో సీసం ఉంటే అందులో నూటికి 99 వంతులు ఎర్రకణాల్లోనే ఉంటుంది. పీఫాస్ అని ఒక పెద్ద రసాయన కుటుంబం ఉంది, నాన్‌స్టిక్ పూతలు, నీరు అంటని బట్టలు, మంటలార్పే నురగ తయారీలో వాడేవి, అవి రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ని పట్టుకుని ఏళ్ల తరబడి తిరుగుతుంటాయి. ఇలాంటివాటిని నెలసరి రక్తంలో వెతకడంలో అర్థం ఉంది. ప్లాస్టిక్‌లోని బిస్ఫినాల్ ఏ, థాలేట్‌లు అలా కాదు, పొద్దున ఒంట్లోకి వెళ్తే రాత్రికల్లా చాలావరకు మూత్రంలో పోతాయి, వాటికి మూత్ర పరీక్షే మేలు. మీ ఫ్రెండ్ వాళ్ల అక్కని మొట్టమొదట అడగాల్సింది ఇదే: ఏ రసాయనం చూస్తున్నారు, దానికి ఈ శాంపిలే ఎందుకు? చక్కగా జవాబు చెప్పిందంటే పని తెలిసిన మనిషే.

మిగతావి కూడా అడగండి. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, ఆ కాగితం చూపిస్తారా? మన దేశంలో మనుషుల శాంపిల్స్‌తో పరిశోధన చేయాలంటే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం అది తప్పనిసరి. సమ్మతి పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉందా, మధ్యలో మానేస్తానంటే మానేయొచ్చా? ఆ కణాల్లో మీ డీఎన్ఏ ఉంటుంది, ఇన్ఫెక్షన్ల సంగతి, ఒక్కోసారి గర్భం వచ్చి పోయిన సంగతి కూడా తెలిసే వీలుంది, కాబట్టి రసాయనాలు తప్ప ఇంకేమీ చూడమని రాసి ఇస్తారా, పని అయ్యాక శాంపిల్ పారేస్తారా, దాచుకుంటారా? అన్నిటికంటే ముఖ్యంగా, మీ ఫలితం మీకు చెప్తారా? ఈ చివరిదాని గురించి నాకు గట్టి పట్టింపు ఉంది. ఆడవాళ్ల నుంచి శాంపిల్స్ తీసుకుని, పేపర్లు రాసుకుని, ఇచ్చిన మనిషికి ఒక్క ముక్క కూడా చెప్పకుండా వెళ్లిపోయే పద్ధతి నాకు సమ్మతం కాదు. మీ రక్తంలో సీసం ఎక్కువుందని వాళ్లకి తెలిసి మీకు తెలియకపోతే ఇక ఆ పరిశోధన ఎవరి కోసం?

అమ్మగారి భయాన్ని కొట్టిపారేయకండి. ఆవిడ పెరిగిన రోజుల్లో ఆ బట్ట ఎవరి కంటా పడకూడదు, చేతబడి చేస్తారనే భయం ఇంటింటా ఉండేది. శాంపిల్ మీద మీ పేరు బదులు ఒక నంబరు మాత్రమే ఉంటుందని, ల్యాబ్‌లో దాన్ని చూసేవాళ్లకి అది ఎవరిదో కూడా తెలియదని చెప్పండి. కుదిరితే ఆ అమ్మాయినే ఒకసారి అమ్మతో ఫోన్లో మాట్లాడమనండి. ఇంకోటి, పీజీలో అందరూ వాడే ఫ్రిజ్‌లో సీసా పెట్టాల్సిన పరిస్థితి రాకూడదు, తీసిన రోజే ఐస్ ప్యాక్‌లో పెట్టి తీసుకెళ్లే ఏర్పాటు వాళ్లదే.

ప్రశ్న: మేడమ్, నేను ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ రెండో సంవత్సరం, యలహంకలో హాస్టల్. ప్రాజెక్టుకి ఈ టాపిక్ అడిగితే మా గైడ్ "ఆ శాంపిల్‌ని నమ్మలేం" అన్నారు. హాస్టల్‌లో అమ్మాయిలు వాడిన ప్యాడ్‌లు తీసుకుని పరీక్షించకూడదా?

జవాబు: ప్యాడ్‌ల విషయంలో మీ గైడ్ మాటే నిజం. ప్యాడ్‌లో ఉండే సూపర్ అబ్జార్బెంట్ పొడి రక్తాన్ని జెల్‌లా పట్టేసుకుంటుంది, అందులోంచి దేన్నైనా పూర్తిగా వెనక్కి రాబట్టడం కష్టం. పైగా ప్యాడ్‌లోనే ప్లాస్టిక్, జిగురు, సువాసన ఉన్నాయి, మీకు థాలేట్ కనిపిస్తే అది అమ్మాయి ఒంట్లోదా, ప్యాడ్‌దా? తేల్చలేరు.

కప్పు మేలు, అందులోనూ ఒక చిక్కుంది. కప్పులు చేసే సిలికోన్ కొన్ని సేంద్రియ రసాయనాలని తనలోకి పీల్చుకుంటుంది. అమెరికాలో ఒరెగాన్ పరిశోధకులు చేతికి సిలికోన్ బ్యాండ్‌లు కట్టించి మనిషి చుట్టూ ఉన్న రసాయనాలని కొలిచేది ఆ గుణాన్ని వాడుకునే. కప్పులో నాలుగైదు గంటలు రక్తం నిలవున్నప్పుడు కప్పు కొంత లాగేసుకోవచ్చు, తనలోది కొంత కలపొచ్చు కూడా. అందుకని అదే రకం కొత్త కప్పులో శుద్ధమైన నీళ్లో, ముందే పరీక్షించిన రక్తమో అంతే సేపు ఉంచి పక్కనే ఒక బ్లాంక్, అంటే పోల్చి చూసుకునే ఖాళీ పరీక్ష, నడపాలి. లోహాలకైతే యాసిడ్‌తో కడిగిన గొట్టాలు, పీఫాస్‌కైతే పాలీప్రొపిలీన్ సీసాలు వాడండి, మూతలో టెఫ్లాన్ పొర ఉన్న సీసా ముట్టుకోవద్దు, పీఫాస్ వెతికేచోట టెఫ్లాన్ ఉంటే చేసిన పనంతా వృథా.

అసలు కష్టం పలచన. మొదటి రోజు, మూడో రోజు వచ్చే స్రావంలో రక్తం పాలు ఒకటి కాదు, ఒక అమ్మాయికీ ఇంకో అమ్మాయికీ అసలే ఒకటి కాదు. 10 మిల్లీలీటర్లలో ఇంత సీసం అని రాస్తే అర్థం ఉండదు. హిమోగ్లోబిన్ కూడా కొలిచి దానికి లెక్కకట్టాలి, పీఫాస్‌కైతే ఆల్బుమిన్‌కి. అదే వారంలో అదే మనిషి చేతి నుంచి కూడా రక్తం తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి, ఈ రెండూ ఎంతవరకు కలుస్తాయో తేలాకే సూది మానేసి ఇది వాడొచ్చని అనగలం. మీకున్న ఏడాదిలో పది రసాయనాల వెంట పడకండి. సీసం ఒక్కటి తీసుకోండి, కప్పు శాంపిల్, చేతి రక్తం జతగా తీసుకుని, లోహాలని కొలిచే ఐసీపీ-ఎంఎస్ యంత్రం మీద నడపండి. సరిపోలలేదని తేలినా అది మంచి ప్రాజెక్టే. కమిటీ అనుమతి రాకుండా హాస్టల్ అమ్మాయిల దగ్గర ఏమీ సేకరించకండి, వాళ్లు స్నేహితులైతే మరీను, స్నేహితురాలికి వద్దని చెప్పడం కష్టం.

ఇది చాలా ముఖ్యమైన పని అని మీ గైడ్‌కి నా మాటగా చెప్పండి. శానిటరీ ఉత్పత్తులు ఎంత పీల్చుకుంటాయో అసలు రక్తంతో పరీక్షించి చూసిన పేపర్ 2023లో గానీ రాలేదు, ఒరెగాన్‌లోనే వేరే పరిశోధకులు 21 ఉత్పత్తుల మీద చేశారు, అప్పటిదాకా కంపెనీలు ఉప్పునీళ్లు పోసి చూసుకునేవి. ఆడవాళ్ల ఒంటికి సంబంధించిన మామూలు ప్రశ్నలు కూడా ఇంతకాలం ఎవరూ అడగలేదనడానికి ఇంతకంటే ఏం కావాలి?

ప్రశ్న: అక్కా, మాది హిందూపురం పక్క పల్లె, పెళ్లై పీణ్య వచ్చి తొమ్మిదేళ్లు. మా ఆయన ప్లేటింగ్ ఫ్యాక్టరీలో పని. ఇంట్లో వాడుక బోరు నీళ్లే. ఇక్కడి నీళ్లలో విషం ఉందని అందరూ అంటారు. మా అత్తమ్మ "ఆడదానికి నెలనెలా చెడు రక్తం పోతుంది, విషమూ దాంతోనే పోతుంది, భయం మగాడికే" అంటుంది. నిజమా?

జవాబు: అత్తమ్మ మాటలో ఒక చిన్న భాగం నిజం ఉంది, మిగతాదాన్ని నమ్ముకుని ఊరుకుంటే మాత్రం ప్రమాదం.

నిజమైన భాగం పీఫాస్ విషయంలో. మగవాళ్ల కంటే నెలసరి వచ్చే వయసు ఆడవాళ్లలో ఇవి తక్కువగా కనిపిస్తాయి, నెలనెలా పోయే రక్తం దానికి ఒక కారణం. కాన్పు, పాలివ్వడం మిగతా కారణాలు, అంటే అందులో కొంత బిడ్డకి చేరుతోందన్నమాట. రక్తం పోతే ఇవి తగ్గుతాయని ఆస్ట్రేలియాలో 285 మంది ఫైర్ సిబ్బందితో చేసిన ప్రయోగంలో కూడా తేలింది, ఏడాదిపాటు రక్తమో ప్లాస్మానో దానం చేసినవాళ్లలో పీఫాస్ తగ్గింది.

చెడు రక్తం అనేది మాత్రం లేదమ్మా. నెలసరిలో పోయేది మీ ఒంట్లో తిరిగే రక్తమే, నెల మొత్తానికి సగటున 30, 40 మిల్లీలీటర్లు. ఒంట్లో ఉన్న నాలుగు లీటర్లలో అదెంత? కాడ్మియం కిడ్నీల్లో పదేళ్లు, ఇరవై ఏళ్లు కూర్చుంటుంది, సీసం ఎముకల్లో చేరుతుంది, నెలసరి వాటిని కడిగేయలేదు. పైగా రక్తం పోతే ఇనుము పోతుంది, ఇనుము తక్కువైన పేగులు సీసాన్నీ కాడ్మియాన్నీ ఇంకా ఎక్కువగా లాక్కుంటాయి. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అంటే ఏ ఆడదానికి విషం పోతోందని అనుకుంటున్నామో ఆవిడ ఒళ్లే ఇంకా ఎక్కువ విషం పట్టుకునే స్థితిలో ఉంది. అత్తమ్మకి ఈ మాట నెమ్మదిగా చెప్పండి, మీరు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి.

పీణ్య భూగర్భ జలంలో ఆరు వేలెన్సీ క్రోమియం, అంటే క్రోమియం లోహంలో విషపూరితమైన రకం, చేరిన సంగతి చాలా ఏళ్లుగా తెలిసిందే, ప్లేటింగ్ పనుల్లో వాడేది అదే. నీళ్లు కాచినంత మాత్రాన క్రోమియం పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. తాగడానికీ వంటకీ కావేరీ నీళ్లు గానీ సరిగ్గా నడుస్తున్న ఆర్‌ఓ నీళ్లు గానీ వాడండి. బోరు నీళ్లు ఒక లీటరు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో మొత్తం క్రోమియానికి పరీక్ష చేయించండి, తాగే నీళ్లలో అది లీటరుకి 0.05 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ వీధిలో నలుగురు కలిసి చేయిస్తే ఖర్చూ తగ్గుతుంది, ఫిర్యాదుకి బలమూ వస్తుంది.

మీ ఆయన సంగతి ఇంకా తొందరగా చూడాలి. ముక్కులోంచి రక్తం, ముక్కు లోపల పుండు, చేతుల మీద గుండ్రంగా లోతైన మానని పుళ్లు ఉన్నాయేమో చూడండి, ఉంటే ఈఎస్‌ఐ కార్డు తీసుకుని వెంటనే వెళ్లి, క్రోమియంతో పనిచేస్తానని డాక్టరుకి నోటితో చెప్పమనండి. అడగకపోతే ఎవరూ ఆ దిశగా ఆలోచించరు. పని బట్టలు ఇంటికి తెచ్చి పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు.

ప్రశ్న: మా పాప పోయిన నెల పెద్దమనిషైంది. ప్యాడ్‌లలో కెమికల్స్ ఉన్నాయని వీడియోలు చూసి టెన్షన్‌గా ఉంది. మానేసి బట్ట వాడించమంటారా? హొరమావు నుంచి ఒక తల్లి.

జవాబు: ప్యాడ్‌లు మాన్పించకండి. 2022లో టాక్సిక్స్ లింక్ సంస్థ మన మార్కెట్లో దొరికే 10 రకాల ప్యాడ్‌లు పరీక్షించి థాలేట్‌లు, ఆవిరయ్యే రసాయనాలు ఉన్నట్టు చెప్పింది. 2024లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ పరిశోధకులు 30 టాంపాన్‌లు (లోపల పెట్టుకునే దూది చుట్టలు) చూస్తే అన్నిట్లోనూ సీసం కనబడింది. రెండూ నిజమే. ఉత్పత్తిలో ఉండటం వేరు, ఒంట్లోకి వెళ్లడం వేరు, ఆ రెండో సంగతి తేల్చడానికే పై ఉత్తరాల్లో చెప్పిన పరిశోధన కావాలి. మన ప్యాడ్‌ల ప్రమాణం ఐఎస్ 5405లో థాలేట్‌లకి కూడా హద్దు పెట్టాలని నా గట్టి అభిప్రాయం. ఈలోగా సువాసన లేని రకం కొనండి, నాలుగైదు గంటలకోసారి మార్చుకోమనండి. బట్ట వాడితే కూడా తప్పులేదు, కానీ ఉతికి ఎండలో, అందరికీ కనిపించినా సరే, బాగా ఆరేయాలి. చీకటి గదిలో మంచం కింద ఆరేసిన బట్టతో వచ్చే ఇన్ఫెక్షన్‌లు నేను రోజూ చూస్తుంటాను.

ప్రశ్న: ఒక ల్యాబ్ వాళ్లు ఆన్‌లైన్‌లో "ఫుల్ బాడీ టాక్సిన్ ప్యాకేజ్" అని వేలల్లో అడుగుతున్నారు. చేయించుకోనా?

జవాబు: వద్దు. అనుమానానికి కారణం ఉంటే, అంటే బ్యాటరీ, పెయింటు, ప్లేటింగ్ పనుల దగ్గర ఉంటే, ఆ ఒక్క లోహానికి పరీక్ష చాలు. కారణం లేకుండా నలభై పేర్లు కొలిపిస్తే ఒకటో రెండో గీత దాటి కనిపిస్తాయి, ఆపైన డీటాక్స్ పొడులు అమ్ముతారు.

ప్రశ్న: డాక్టరమ్మా, నాకు 47. అనంతపురంలో ఉండగా 36 ఏళ్లకే గర్భసంచి తీసేశారు. ఇప్పుడు మా అబ్బాయి దగ్గర ఎలక్ట్రానిక్ సిటీలో ఉంటున్నాను. మీరు చెప్పే ఈ పరిశోధనల్లో మాలాంటివాళ్ల లెక్క ఉంటుందా?

జవాబు: ఈ ఉత్తరం చదివి చాలాసేపు ఆలోచించాను. నెలసరి రక్తంతో చేసే పరిశోధనలో మీ లెక్క ఉండదమ్మా. మన తెలుగు రాష్ట్రాల్లో చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలోనే ఎక్కువ, వాళ్లంతా ఇలాంటి పరిశోధన బయటే ఉండిపోతారు. పిల్లలు కలగకుండా మాత్రలో, కాపర్ టీయో వాడేవాళ్ల స్రావం కూడా మామూలుగా ఉండదు. కప్పు వాడేవాళ్లనే తీసుకుంటే ఇంకా చిక్కు, పైన చెప్పిన 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 24 ఏళ్ల అమ్మాయిల్లో కప్పు వాడుతున్నది నూటికి 0.3 మందే. ఐటీ ఉద్యోగం చేసే అమ్మాయిల శాంపిల్స్‌తో బెంగళూరు ఆడవాళ్లందరి గురించీ చెప్పేస్తే అది అబద్ధమవుతుంది. అందుకే చేతి రక్తంతో చేసే సర్వే కూడా పక్కనే సాగాలి. అమెరికాలో 1999 నుంచి విడతలవారీగా జనం రక్తం, మూత్రం తీసి రసాయనాలు కొలుస్తున్నారు. మన దగ్గరా కొలిచిన ఉదాహరణ ఉంది: 1990ల చివర్లో జార్జ్ ఫౌండేషన్ పెద్ద నగరాల్లో పిల్లల రక్తంలో సీసం కొలిపించింది, అప్పటి హద్దు డెసిలీటరుకి 10 మైక్రోగ్రాములు దాటినవాళ్లు సగానికి పైగా తేలారు, 2000లో దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది. ఆ తర్వాత కూడా సీసం మీద ఏళ్ల తరబడి పనిచేసిన తుప్పిల్ వెంకటేశ్ గారు ఈ బెంగళూరులోనే సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీలో ఉండేవారు.

మీ సంగతికొస్తే, నెలసరి ఆగాక ఎముకలు పలచబడేటప్పుడు వాటిలో దాగిన సీసం తిరిగి రక్తంలోకి వస్తుంది. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీశారా లేదా అన్నది ముఖ్యం. ఆపరేషన్ కాగితాలు అనంతపురంలో ఉంటే తెప్పించుకోండి. అండాశయాలు తీసేసి ఉంటే ఎముకల సాంద్రత పరీక్ష ఇప్పుడే చేయించుకోవాలి, ఒకసారి విటమిన్ డి చూపించుకోండి, పాలు, పెరుగు, రాగులు రోజూ ఉండాలి, పొద్దున ఒక అరగంట ఎండలో నడవండి. కాగితాలు దొరక్కపోతే ఒక స్కాన్ తీయిస్తే అండాశయాలు ఉన్నదీ లేనిదీ సాధారణంగా తెలిసిపోతుంది. ఏది తెలిసిందో నాకు మళ్లీ రాయండి, జవాబు ఈ పేజీలో కాకుండా నేరుగా పంపుతాను.